హంతకుడు ఎవరో తెలిసిపోయాక ఆ పాత ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో ఇంకేం మిగులుతుంది?

సందేహాల_రావు
ఇక్కడ అగాథా క్రిస్టీ పేరెత్తగానే చేతులు జోడించేవారే ఎక్కువ కనుక, నా ఫిర్యాదు చాలామందికి రుచించదని తెలిసే రాస్తున్నాను. మిత్రుల పోరు పడలేక ఈ వేసవిలో ఆమె నవలలు కొన్ని, షెర్లాక్ హోమ్స్ కథలు కొన్ని చదివాను. ఊరికి దూరంగా ఒక బంగళా, అక్కడికి వారాంతం గడపడానికి వచ్చిన అతిథులు, పుస్తకాల గదిలో ఒక శవం, ఆస్తి కోసం గోతికాడ నక్కలా కాచుకున్న మేనల్లుడు, చివరి అధ్యాయంలో అందరినీ కూర్చోబెట్టి మీసాల పెద్దమనిషి ఇచ్చే ఉపన్యాసం. ఇంట్లో మనిషి చనిపోయినా ఒక్కరూ గట్టిగా ఏడవరు, సాయంత్రం టీకి మాత్రం అందరూ హాజరవుతారు. హంతకుడి పేరు తెలిసిన మరుక్షణం ఆ పుస్తకంతో ఇక పని ఉండదు. అటువంటి పుస్తకాలు వందేళ్లుగా అచ్చవుతూనే ఉండటానికి, ఇక్కడి సభ్యులు వాటిని పదేపదే చదవడానికి కారణమేమిటో ఎవరైనా వివరించగలరా?

పాత_అట్ట
రావుగారూ, మీ ఫిర్యాదుకు పెద్ద వంశవృక్షమే ఉంది. అమెరికాలో రేమండ్ చాండ్లర్ అనే డిటెక్టివ్ నవలా రచయిత 1944లోనే ఈ బంగళా హత్యలన్నీ కృత్రిమమని తూర్పారబట్టాడు. ఆ మరుసటి ఏడాది ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు ఇంకో అడుగు ముందుకు వేసి, క్రిస్టీ నవలలో హతుడైన రోజర్ ఆక్రాయిడ్‌ను ఎవరు చంపితే ఎవరికేమిటి అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసమే రాశాడు. 1948లో కవి ఆడెన్ మాత్రం ఈ నవలలు తనకు ఒక వ్యసనమని ఒప్పుకుంటూనే, చదవడం పూర్తికాగానే కథ మరచిపోతానని, మళ్లీ చదవాలనే కోరిక కలగదని రాశాడు. కాబట్టి మీరు మంచి సావాసంలోనే ఉన్నారు. తమాషా ఏమిటంటే ఆ విమర్శలు ఇవాళ సాహిత్య విద్యార్థులకే తెలుసు, ఆక్రాయిడ్ నవల మాత్రం రైల్వే స్టేషను పుస్తకాల దుకాణంలో కూడా దొరుకుతోంది.

అర్ధరాత్రి_పాఠకుడు
చదివిన వెంటనే మరచిపోయే వరం ఆడెన్‌కు దక్కింది. నాకూ అటువంటి జ్ఞాపకశక్తి ఉంటే పుస్తకాల ఖర్చు సగానికి సగం తగ్గేది.

మందుల_మూర్తి
నేను మందుల దుకాణం నడుపుతాను. రావుగారు లేదన్న ఆ మిగిలేది ఏమిటో నా వృత్తి వైపు నుంచి చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో క్రిస్టీ తన సొంత ఊరు టార్కీలో సైనికుల ఆసుపత్రిలో ముందు నర్సుగా, తరువాత మందులు కలిపే విభాగంలో పనిచేసింది. 1916లో రాసి, 1920లో అచ్చయిన ఆమె మొదటి నవల మొత్తం ఆ గదిలోని అల్మారా మీద ఆధారపడి ఉంది. ఆ రోజుల్లో స్ట్రిక్నిన్‌ను అతి తక్కువ మోతాదులో బలానికి టానిక్కులో ఇచ్చేవారు. అందులో బ్రోమైడ్ కలిస్తే స్ట్రిక్నిన్ కరగని లవణంగా మారి నెమ్మదిగా సీసా అడుగుకు చేరుతుంది. పైనున్న మందు రోజూ తాగుతున్నా ఏమీ కాదు, అడుగున మిగిలిన చివరి మోతాదే ప్రాణం తీస్తుంది. మందు పోసే మనిషి సీసాను కుదపకుండా జాగ్రత్తగా పోయడం అలవాటని నవలలో ఒక ముక్క ఉంటుంది. ఆ అమాయకమైన వాక్యాన్ని మొదటిసారి నేనూ దాటేశాను. అప్పట్లో మందుల తయారీదారుల పత్రిక ఒకటి ఈ నవలను మెచ్చుకుంటూ సమీక్ష రాసిందని, అది క్రిస్టీకి ఎంతో గర్వకారణమైందని చదివాను. మా వాళ్లు ఒక నవలలో రసాయనం సరిగ్గా ఉందని ఒప్పుకోవడం సామాన్యమైన విషయం కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1961 నాటి ఆమె నవలలో థాలియం విష లక్షణాలు, ముఖ్యంగా జుట్టు రాలిపోవడం, వివరంగా ఉంటాయి. 1977లో లండన్ ఆసుపత్రిలో ఒక పసిపాపకు ఏ జబ్బో వైద్యులకు అంతుపట్టని సమయంలో, అదే నవల చదువుతున్న నర్సు ఇది థాలియం కావచ్చునని సూచించింది. పరీక్షలో అది నిజమని తేలింది, పాప బతికింది.

అర్ధరాత్రి_పాఠకుడు
మూర్తిగారూ, మీ దుకాణంలో కొన్న దగ్గు మందును ఇకపై గంటసేపు కుదిపి గాని తాగను. అన్నట్టు, హత్య జరిగిన పద్ధతి మొత్తం చెప్పేశారు, ఇంకా చదవనివాళ్ల గతేమిటి?

మందుల_మూర్తి
పద్ధతే చెప్పాను, ఎవరు చేశారో చెప్పలేదు. ఆ నవలలో కష్టమంతా ఆ రెండోదే.

పాత_అట్ట
మళ్లీ చదవడం గురించి రావుగారు అడిగారు కనుక 1926 నాటి ఆక్రాయిడ్ నవలనే తీసుకుంటాను. చదవనివారు దయచేసి ఈ పోస్టును దాటి కిందికి వెళ్లండి, ఇక్కడ గుట్టు విప్పకుండా మాట్లాడటం సాధ్యం కాదు.

కథ చెబుతున్నది ఊరి వైద్యుడు. ఆ రాత్రి ఆక్రాయిడ్ గదిలో తాను ఉన్న సమయాన్ని ఆయన ఇలా నమోదు చేస్తాడు: ఉత్తరం లోపలికి వచ్చినప్పుడు తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువ, తాను బయటికి వచ్చినప్పుడు తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ, ఉత్తరం అప్పటికీ చదవకుండానే ఉంది. తలుపు గడియ మీద చేయి వేసి, చేయవలసింది ఏమైనా మిగిలిందా అని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ రెండు సమయాల మధ్య పది నిమిషాలు ఖాళీగా ఉన్నాయి. మొదటిసారి చదివినప్పుడు అది ఒక పెద్దమనిషి శ్రద్ధగా చెప్పిన సాక్ష్యంలా కనిపిస్తుంది. రెండోసారి చదివేటప్పుడు ఆ ఖాళీ దగ్గర ఒళ్లు జలదరిస్తుంది. ఈ అనుభవం మొదటి పఠనంలో దొరకదు, హంతకుడు ఎవరో తెలిసినవాడికే దక్కుతుంది. అందుకే మీ శీర్షికలోని ప్రశ్నకు నా జవాబు తలకిందులుగా ఉంటుంది: ఈ నవల రెండోసారి చదివినప్పుడే అసలు నవల అవుతుంది.

వాయిదా_వకీలు
అప్పట్లో కొందరు పాఠకులు ఇది మోసమని మండిపడ్డారు కదా? మరో డిటెక్టివ్ రచయిత్రి డొరతీ సేయర్స్ మాత్రం ప్రతి ఒక్కరినీ అనుమానించడం పాఠకుడి బాధ్యతేనని క్రిస్టీని వెనకేసుకొచ్చింది.

పాత_అట్ట
అవును. ఆ కాలపు రచయితలకు న్యాయంగా ఆడటం అనే విషయం మీద ఎంత పట్టింపు ఉండేదంటే, రోనల్డ్ నాక్స్ అనే కేథలిక్ మతాచార్యుడు 1929లో ఈ ప్రక్రియకు పది ఆజ్ఞలు రాశాడు. అతీత శక్తులను వాడకూడదు, అప్పటివరకు ఎవరికీ తెలియని విషాలను తీసుకురాకూడదు, రహస్య గదులు ఒకటికి మించకూడదు, డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపాలి, డిటెక్టివ్ పక్కనుండే మిత్రుడి తెలివి సగటు పాఠకుడి కంటే రవ్వంత తక్కువగా ఉండాలి. మరుసటి ఏడాది లండన్‌లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్బు అనే రచయితల సంఘంలో చేరేవారు ఇటువంటి నియమాల మీద ప్రమాణం చేయవలసి వచ్చేది. మొదటి అధ్యక్షుడు చెస్టర్టన్. సగం సరదాకే అయినా, పాఠకుణ్ణి తమతో సమానుడిగా చూడాలన్న పట్టుదల అందులో ఉంది. ఇవాళ వచ్చే చాలా థ్రిల్లర్లు చివరి పది పేజీల్లో ఎక్కడి నుంచో ఒక కవల సోదరుణ్ణి దింపుతున్నాయి. కవల సోదరుల మీద కూడా నాక్స్ ఆంక్ష పెట్టాడని మనవి.

అర్ధరాత్రి_పాఠకుడు
ఆ ఒక్క ఆంక్ష మన సినిమా రంగంలో అమలు చేసి ఉంటే పరిశ్రమ మూతపడేది.

ఎర్రసిరా
నాక్స్ పది ఆజ్ఞల్లో ఐదవదాన్ని పాత_అట్ట గారు సౌకర్యంగా వదిలేశారు. కథలో చైనా మనిషి ఎవరూ ఉండకూడదని అందులో ఉంది. అప్పటి చౌకబారు నవలల్లో ప్రతి కుట్ర వెనుకా ఒక చైనా దుష్టుణ్ణి నిలబెట్టే అలవాటును వెక్కిరించడానికే అలా రాశాడని కొందరు సమర్థిస్తారు, అందులో నిజం ఉండవచ్చు. కానీ 1890లో హోమ్స్ నవలలో అండమాన్ ద్వీపవాసిని చిత్రించిన తీరు వెక్కిరింత కాదు, కేవలం ద్వేషం. క్రిస్టీ తొలి నవలల్లో యూదుల గురించి రాసిన మాటలు కూడా అంతే. 1939 నాటి ఆమె ప్రసిద్ధ నవలకు నల్లజాతివారిని కించపరిచే మాటతో బ్రిటన్‌లో పెట్టిన అసలు పేరును అమెరికా ప్రచురణకర్తలు 1940లోనే మార్చవలసి వచ్చింది, బ్రిటన్‌లో మాత్రం ఆ పేరు దశాబ్దాల పాటు కొనసాగింది. ఆదరణకు కారణాలు వెతికేటప్పుడు, ఆ ఆదరణ దేనిని చూడకుండా పక్కకు తప్పుకుంటున్నదో కూడా చర్చించాలి.

మందుల_మూర్తి
హోమ్స్ కథల్లో చుక్కల పట్టీ కథ కూడా ఆ కోవలోకే వస్తుంది. కలకత్తాలో వైద్యం చేసి, అక్కడ తన ఇంటి పనివాణ్ణి కొట్టి చంపి, ఇంగ్లండు తిరిగి వచ్చిన డాక్టరు పెంచుకునే భారతీయ సర్పం ఒకటి ఉంటుంది. అది గిన్నెలో పాలు తాగుతుంది, ఈల వేస్తే వెనక్కి వస్తుంది, గంట తాడు పట్టుకుని ఎక్కి దిగుతుంది. అటువంటి పాము ఏ శాస్త్ర గ్రంథంలోనూ లేదు. పామును పాలతో పెంచవచ్చని నమ్మే విషయంలో మాత్రం హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్‌ను తప్పుపట్టే అర్హత నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనకు లేదు.

వాయిదా_వకీలు
అదే డాయిల్ మరో కథలో కూరతో అద్భుతం చేశాడు. 1892లో వచ్చిన రేసు గుర్రం కథలో, గుర్రపుశాల కాపలా కుర్రవాడికి ఆ రాత్రి మసాలా వేసిన మాంసం కూర పంపుతారు. అందులో నల్లమందు కలిసింది. చప్పిడి తిండిలో అయితే ఆ రుచి వెంటనే పట్టుబడుతుంది, మసాలాలో కలిసిపోతుంది. అంటే ఆ రాత్రి భోజనంలో ఏమి వండాలో నిర్ణయించగలిగినవాడే అనుమానితుడు. బయటి నుంచి వచ్చిన అపరిచితుడికి ఆ అవకాశం ఎక్కడిది? ఆ కథలో మొరగని కుక్క గురించే అందరూ చెప్పుకుంటారు కానీ, నన్నడిగితే ఆ కూర అంతకంటే పదునైన ఆధారం.

సందేహాల_రావు
మీ అందరి మాటల వల్ల ఒక సంగతి స్పష్టమైంది. ఇది నేర్పు, దాన్ని నేను కాదనను. కానీ నా అసలు ఆక్షేపణకు ఎవరూ జవాబు చెప్పలేదు. మనిషి చనిపోతే ఎవరూ బాధపడని ప్రపంచం అది. సీసా అడుగుకు ఏది చేరిందో, కూరలో ఏది కలిసిందో లెక్కకు వస్తుంది, చనిపోయిన మనిషి మాత్రం లెక్కలోకి రాదు.

తుంగభద్ర
రావుగారూ, క్రిస్టీ సృష్టించిన ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్ నవల, 1953లో వచ్చినది ఒకటి మీరు చదివి ఉండరని అనుకుంటున్నాను. అందులో ముందుగా ఒక ధనవంతుడు చనిపోతాడు, అతని జేబులో ధాన్యం గింజలు దొరుకుతాయి, పత్రికలు, పోలీసులు అతని చుట్టూనే తిరుగుతారు. ఆ తరువాత గ్లాడిస్ అనే పనిపిల్లను ఎవరో గొంతు నులిమి చంపి, ఆమె ముక్కుకు బట్టలు ఆరవేసే క్లిప్పు పెట్టి పోతారు. ఆ పిల్ల అనాథాశ్రమంలో పెరిగింది, ఇంటి పని నేర్పింది మిస్ మార్పులే. చంపినవాడు అది చాలక చనిపోయిన పిల్లను అవమానించాడన్న కోపంతోనే ఆ ముసలావిడ ఎవరూ పిలవకుండా రైలెక్కి వస్తుంది. ధనవంతుడి హత్య ఆమెకు రెండో విషయం. చివర ఆమె ఇంటికి తిరిగి వచ్చేసరికి, గ్లాడిస్ బతికుండగా రాసిన ఉత్తరం ఒకటి ఎదురుచూస్తూ ఉంటుంది. అక్షర దోషాలతో, సలహా అడుగుతూ, నమ్మిన మనిషి ఫోటోతో సహా. ఆ పేజీ చదివి కూడా ఎవరూ బాధపడని ప్రపంచమని మీరు అనగలిగితే నేను వాదన విరమిస్తాను.

పాత_అట్ట
పనివాళ్లను ఎవరూ గమనించకపోవడం మీద చెస్టర్టన్ 1911 నాటి సంపుటిలోనే ఒక కథ నడిపాడు. ఇంట్లోకి ఎవరూ రాలేదని సాక్షులందరూ నిజాయితీగా చెబుతారు. వచ్చింది ఎవరి కంటికీ మనిషిగా ఆనని ఒక ఉద్యోగి.

తుంగభద్ర
నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచే నవల 1950 నాటిది. ఒక పల్లెటూరి పత్రికలో, ఫలానా శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు ఫలానా ఇంట్లో హత్య జరుగుతుందని ప్రకటన వస్తుంది. ఊరివాళ్లందరూ అది ఏదో వినోదమనుకుని ముస్తాబై వెళతారు. ఈ నవలలో మిస్ మార్పుల్ ఇన్‌స్పెక్టరుతో చేసే ఒక సంభాషణ ఉంది. యుద్ధానికి ముందు ఊళ్లోకి కొత్త మనిషి వస్తే ఎవరో ఒకరు వారి కుటుంబాన్ని ఎరిగినవారు ఉండేవారు, పరిచయ లేఖ ఉండేది. ఇప్పుడు ఇండియా నుంచో మరోచోటి నుంచో వచ్చి ఇల్లు తీసుకుంటారు, తమ గురించి తాము చెప్పుకున్నదే మనకు తెలిసినదంతా. ఇన్‌స్పెక్టరు అది విని, ఈ దేశంలో ప్రతి మనిషి వెనుకా ఉన్నది ఒక రేషను పుస్తకం, ఫోటో గానీ వేలిముద్ర గానీ లేని ఒక గుర్తింపు కార్డు మాత్రమే కదా అనుకుంటాడు.

బ్రిటన్‌లో ఆ కార్డులను 1952లో రద్దు చేశారు, రేషను 1954 వరకు సాగింది. కానీ ఆ భయానికి కాలదోషం పట్టలేదు. హైదరాబాదులో మేముండే అపార్టుమెంటులో ఎదుటి తలుపు మీది పేరు తప్ప ఆ ఇంటివారి గురించి మాకు తెలిసినదేమీ లేదు, వారికీ మా గురించి అంతే. ఈ నవలలు పాత ప్రశాంతమైన ఇంగ్లండును చూపించి ఊరట ఇస్తాయని అందరూ అంటారు. నా మటుకు నాకు అవి అందుకు విరుద్ధంగా కనిపిస్తాయి. పక్కనున్న మర్యాదస్థుడు నిజంగా ఎవరు అన్న అనుమానాన్ని అంత నెమ్మదైన గొంతుతో నూరిపోసిన రచనలు నేను వేరే చదవలేదు.

చలికోటు
తుంగభద్ర గారి మాటకు కొంత చేర్పు, కొంత అభ్యంతరం. ఊరట కూడా నిజమే, దానిని కాదనడం కష్టం. ఈ ప్రక్రియ వికసించిన కాలం చూడండి. క్రిస్టీ మీసాల డిటెక్టివ్ పాయిరో మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఇంగ్లండు చేరిన బెల్జియం శరణార్థి. సేయర్స్ సృష్టించిన డిటెక్టివ్ పీటర్ విమ్జీ ఆ యుద్ధపు కందకాల్లో పోరాడి మనసు చెదిరి వచ్చినవాడు. లక్షల మంది ఎందుకు చనిపోయారో ఎవరూ చెప్పలేని కాలంలో, ఒక్క మనిషి ఎందుకు, ఎలా, ఎవరి చేతిలో చనిపోయాడో పూర్తిగా చెప్పగలిగే పుస్తకం జనానికి కావలసి వచ్చింది. 1935లో ఆరు పెన్నీల ధరకు వచ్చిన తొలి పది పెంగ్విన్ పుస్తకాల్లో క్రిస్టీ నవల, సేయర్స్ నవల ఉన్నాయంటేనే గిరాకీ అర్థమవుతుంది.

లండన్‌లో 1952 నవంబరులో మొదలైన క్రిస్టీ నాటకం 2020 మార్చిలో కోవిడ్ వల్ల తెరదించే వరకు సాగింది, 2021లో మళ్లీ మొదలైంది. హంతకుడి పేరు బయట చెప్పవద్దని ప్రదర్శన చివర ప్రేక్షకులను కోరడం అక్కడి ఆనవాయితీ. నేను వెళ్లిన రోజున నా పక్క సీటులోని పెద్దావిడ అప్పటికే ఆ నాటకం చూసి ఉన్నారు. తెలిసీ మళ్లీ ఎందుకు వచ్చారని అడిగితే, ఈసారి హంతకుణ్ణి తప్ప మరెవరినీ చూడనని చెప్పారు.

వాయిదా_వకీలు
న్యాయశాస్త్రం దృష్టితో చూస్తే ఆ చివరి ఉపన్యాసాల మీద నాకు వేరే బాధ ఉంది. నిందితుడు అందరి ముందూ నేరం ఒప్పుకుంటాడు, ఇన్‌స్పెక్టరు పక్కనే ఉంటాడు, కథ ముగుస్తుంది. మన దేశంలో పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం నిందితుడి మీద రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను. ఆ పాత చట్టాన్ని రాసినవాడు ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ అనే ఆంగ్లేయుడే. తన దేశపు నవలల్లో ఇన్‌స్పెక్టరును అంత నమ్మిన జాతి, ఇక్కడి ఇన్‌స్పెక్టరును మాత్రం నమ్మకుండా చట్టం చేసింది.

ఉరి సంగతి మరొకటి. బ్రిటన్‌లో హత్యకు మరణశిక్షను 1965లో నిలిపివేశారు. అంటే ఈ ప్రక్రియకు స్వర్ణయుగమని చెప్పే, రెండు యుద్ధాల మధ్య కాలపు నవలలన్నింటిలోనూ చివరి అధ్యాయంలో వేలు చూపించడం అంటే ఒక మనిషిని ఉరికంబం ఎక్కించడమే. చాలామంది రచయితలు ఆ తలుపు దగ్గరే ఆగిపోయారు. సేయర్స్ ఆగలేదు. 1937 నాటి నవలలో తాను పట్టించిన మనిషిని ఉరితీసే ఉదయం విమ్జీ భార్య దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తాడు. రావుగారు అడిగిన కన్నీరు అక్కడ ఉంది, కాకపోతే డిటెక్టివ్ కంట్లో ఉంది.

ఎర్రసిరా
నేను కూడా ఒక నవలను మినహాయిస్తాను. విల్కీ కాలిన్స్ 1868లో డికెన్స్ పత్రికలో ధారావాహికగా రాసిన వజ్రం కథ. 1799 మే 4న శ్రీరంగపట్టణం కోట పడిపోయినప్పుడు ఒక ఆంగ్ల సైనికాధికారి హత్య చేసి ఆ వజ్రాన్ని కాజేస్తాడు. అది ఇంగ్లండులో ఒక యువతికి పుట్టినరోజు కానుకగా అందుతుంది, ఆ రాత్రే మాయమవుతుంది. దానికోసం సముద్రం దాటి వచ్చిన ముగ్గురు బ్రాహ్మణులను అందరూ అనుమానిస్తారు. చివరికి వజ్రం సోమనాథ్‌లో దేవుడి నుదుటికి చేరుతుంది. బంగళాలో దొంగ ఎవరు అన్న ప్రశ్న కింద, అసలు మొదటి దొంగ ఎవరు అన్న ప్రశ్న నడుస్తూనే ఉంటుంది.

పాత_అట్ట
మినహాయింపు కాదండీ, ఇంగ్లండు నవలల్లో ఈ ప్రక్రియ మొదలైనదే దాదాపు అక్కడ. మీరు ద్వేషించే వంశానికి మూలపురుషుణ్ణే మెచ్చుకున్నారు.

ఎర్రసిరా
మూలపురుషుడు మంచివాడైనంత మాత్రాన వారసుల బాకీలు మాఫీ కావు.

అర్ధరాత్రి_పాఠకుడు
మా ఊళ్లో అద్దెకు పుస్తకాలిచ్చే కొట్టులో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు దొరికేవారు. డిటెక్టివు, అసిస్టెంటు అనే ఆ జంటకు హోమ్స్ ఉండే బేకర్ వీధిలో చుట్టాలున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన తరువాత కూడా రాజు పట్ల నా అభిమానం తగ్గలేదు, వాట్సన్ కంటే అతనే చురుకైనవాడు.

సందేహాల_రావు
గ్లాడిస్ నవల తెప్పించుకుంటాను, తుంగభద్ర గారి మాట కోసం. కానీ బంగళా, టీ, వీలునామా ఏవీ లేని పాత ఇంగ్లీషు డిటెక్టివ్ నవల ఒక్కటైనా ఉన్నదా?

పాత_అట్ట
ఉంది. జోసెఫీన్ టే 1951లో రాసినది. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీదున్న ఇన్‌స్పెక్టరు, ఒక చిత్తరువు చూసి, 15వ శతాబ్దపు రాజు మూడవ రిచర్డ్ తన అన్న కొడుకులిద్దరినీ నిజంగా చంపించాడా అని విచారిస్తాడు. శవం లేదు, అనుమానితులందరూ చనిపోయి నాలుగు శతాబ్దాలు దాటింది, డిటెక్టివ్ మంచం దిగడు. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. రిచర్డ్ పక్షాన ఆమె వాదన కొంచెం ఏకపక్షమని చరిత్రకారులు అంటారు, అది నిజమే.

చలికోటు
నేనుండేది ఆ రాజు ఎముకలు దొరికిన లెస్టర్‌లోనే. 2012లో ఒక కార్ పార్కింగు కింద తవ్వితే బయటపడ్డాయి. వంకర తిరిగిన వెన్నెముక, తలపై గాయాలు, బంధువుల వంశీకులతో సరిపోలిన డీఎన్ఏ చూసి ఆయనేనని నిర్ధారించారు. 2015లో ఇక్కడి కెథీడ్రల్‌లో తిరిగి సమాధి చేశారు. ఆయన ఎలా చనిపోయాడో ఆ ఎముకలు వివరంగా చెప్పాయి. పిల్లలను ఎవరు చంపారో మాత్రం చెప్పలేదు.

వాయిదా_వకీలు
అయితే అనుమానపు లబ్ధి నిందితుడికే. రావుగారూ, ముందు ఆ పుస్తకమే చదవండి, గ్లాడిస్ తరువాత.

తుంగభద్ర
వకీలుగారితో విభేదిస్తున్నాను. ముందు గ్లాడిస్.